కథానాయకుడికి మా ఆయన పేరు

సినిమా కథ రాయడంలో కష్టం ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే, పేర్ల దగ్గర అంటాను. మగవాళ్ళ సంగతి నాకు తెలియదు, వాళ్ళు ఏ పేరైనా రాసేస్తారు. నేను పంతొమ్మిది వందల నలభైల్లో, తిరుపతిలో, ఒక ఇంటి కోడలిగా ఉంటూ రాసినదాన్ని. మామగారి పేరు పలకకూడదు. పెదమామగారి పేరు పలకకూడదు. మొగుడి పేరు సరేసరి, పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుంది. పలకకూడనిది రాయనూ కూడదని మా అత్త తీర్పు. మా ఆయనకేమో కొండమీది స్వామి పేరు పెట్టారు. మా వీధిలో సగం మంది మగవాళ్ళది అదే పేరు. ఇప్పటికీ ఆ పేరు ఇక్కడ రాయడం లేదు చూడండి. మీకు తెలిసే ఉంటుంది, వదిలేయండి.

మా అత్తది చాదస్తమని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. వయసులో ఉన్నప్పుడు ఆమెను పొలం రాయించుకోవడానికి రిజిస్ట్రారు కచేరీకి పిలిపించారు. మొగుడి పేరు నోటితో చెబితేగానీ పని జరగదని గుమాస్తా మొండికేశాడు. పక్కన పేరు అందించేవాళ్ళు లేక ఆమె చెప్పింది. ఆ కోతలు కాకముందే మామగారు వాంతిభేదితో పోయారు. అప్పటినుంచి ఆమెకు మిగిలింది కొడుకు, ఆ భయం.

మా ఇంటి ముందుగదిని కొండకు వచ్చే యాత్రికులకు ఇచ్చేవాళ్ళం. ఏటా వచ్చేవాళ్ళలో మద్రాసులో సినిమా బొమ్మలు తీసే ఒక పెద్దమనిషి ఉండేవాడు. అక్కడ ఆయన్ను అందరూ మొదలాళి, అంటే యజమాని, అంటారట, మేమూ అలాగే అన్నాం. ఒకసారి మా అత్తే తలుపు చాటునుంచి ఆయన దగ్గర గొప్పలు పోయింది. "మా కోడలు కతలు శానా బాగా సెప్తాది, ఇంటారా?" అంది. చెప్పాను. ఆయన నవ్వి, "మనవడికి పుట్టెంట్రుకలు తీయించేదానికి మళ్ళీ వస్తా. ఆ లోపల ఒక కత పూర్తిగా రాసి పెట్టమ్మా. నచ్చితే తీస్తా" అన్నాడు. అంతే, నాకు పిచ్చి పట్టింది. పొయ్యి ముందు పుట్టిన నా కథ తెర మీద ఆడాలి. నగలు వద్దు, చీరలు వద్దు, అదొక్కటి జరిగితే చాలనుకున్నాను.

రాయడం మొదలుపెడితే మనుషులు ఒకరి వెనక ఒకరు వచ్చిపడ్డారు. ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు ఊరెళ్ళారో నాకే గుర్తుండేది కాదు. మొదట్లో చచ్చిపోయిన మేనమామ చివర పెళ్ళిలో సాంబారు వడ్డిస్తూ కనబడ్డాడు. పేర్లు పెట్టుకుందామంటే మంచి పేర్లన్నీ మా ఇంట్లోవే. విసుగెత్తి కత్తిపీట పక్కన కూరగాయలు పేర్చుకున్నాను. మునక్కాయ కథానాయకుడు. బెండకాయ అతని పెళ్ళాం. నల్ల వంకాయ దుర్మార్గుడు, గుమ్మడికాయ వాడి తల్లి. సీనులో ఉన్నవాళ్ళు గూటిలో, లేనివాళ్ళు బుట్టలో. ఒకరోజు నీళ్ళకు పోయి వచ్చేసరికి గూటిలో దుర్మార్గుడు లేడు.

"అత్తా, ఈడ వంకాయ పెట్టింటినే, యాడ పోయింది?"

"పులుసులో ఏసినాను. ఏం మే, కాయను గూట్లో పెట్టుకోని పూజ జేస్తావా?"

ఆ మధ్యాహ్నం మా ఆయన దుర్మార్గుణ్ణి మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

దానివల్ల ఒక మేలు జరిగిందిలెండి. యుద్ధం రోజులు, ఫిలింకు కరువుగా ఉంది, కథలో జనాన్ని తగ్గించమని మొదలాళి కబురు పెట్టాడు. ఇంట్లో కూర తక్కువైనప్పుడల్లా ఇద్దరు ముగ్గురిని తరిగి అత్తకు ఇచ్చేశాను. ఇద్దరు ఆడబిడ్డలు, ఒక జమీందారు, మేనమామ కూడా అలాగే పోయారు. కథ తేటపడింది.

మిగిలిన కథ ఇది. దుర్మార్గుడి మాటలు నమ్మి మొగుడు పెళ్ళాన్ని అనుమానిస్తాడు, ఇల్లు వదిలి రేణిగుంటలో బండెక్కబోతాడు. నిజం చెప్పడానికి ఆమె పరుగెత్తుకుంటూ వస్తుంది. ప్లాట్‌ఫారం నిండా జనం. ఏమండీ అని అరిస్తే ప్రతి మగవాడూ తిరిగి చూస్తాడు, కావలసినవాడు తప్ప. బండి కదులుతుంది. ఇక దారిలేక ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరు రావలసిన చోట ఖాళీ వదిలేశాను. సినిమావాళ్ళే ఏదో ఒకటి పెట్టుకుంటారులే అనుకున్నాను.

మొదలాళి మనవడితో పాటు తానూ గుండు కొట్టించుకుని, నెత్తిన గంధంతో కొండ దిగాడు. కథ వింటానని చాప మీద కూర్చునే ముందు చల్లగా ఒక మాట చెప్పాడు.

"నావి రెండు బొమ్మలు పోయినాయమ్మా. ఈసారి మొక్కుకున్నా. కథానాయకుడికి స్వామి పేరే పెట్టాల. ఆ పేరుతోనే కత చెప్పు. అబ్బాయి, అబ్బాయి అంటే నాకు మనిషి కండ్లకు కనపడడు."

ఇంకో పేరు పెడదామన్నాను. మొక్కు మొక్కే అన్నాడు. తలుపు చాటున మా అత్త మొహం నల్లబడిపోయింది. పేరు పలికితే ఆమెను చంపినట్టే, పలకకపోతే నా కథ మద్రాసు రైలెక్కదు. అప్పుడు మా ఆయన, హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, గొంతు సవరించుకుని, "ఆ పేరు వచ్చిన కాడల్లా నేను చెప్తాలే. నా పేరు నేను చెప్పుకుంటే దోషం లేదు గదమ్మా?" అని తల్లిని అడిగాడు. ఆమె తలూపింది.

భోజనాలు అయ్యాక కథ మొదలైంది. అత్త ఆ రోజు పులిహోర, పాయసం, గారెలు చేసింది. నేను చెప్పుకుంటూ పోయి కథానాయకుడి దగ్గర ఆగుతాను, స్తంభానికి ఆనుకుని కుర్చీలో ఉన్న మా ఆయన హాజరు పిలిచినట్టు తన పేరు తాను చెబుతాడు. నేను మళ్ళీ అందుకుంటాను. ప్రేమ మాటల దగ్గర సిగ్గుపడి నేల చూపులు చూశాడు. దుర్మార్గుడు చెంపమీద కొట్టినప్పుడు, "ఈడ నేను దెబ్బలు తినల్లనా? తిరిగి కొట్టనా?" అని అడ్డం వచ్చాడు. "మీరు పేరు చెప్పండి చాలు" అన్నాను. మొదలాళి పొట్ట పట్టుకుని నవ్వాడు.

రేణిగుంట వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. ఆయన ముందుకు వంగి కూర్చున్నాడు. బండి కూత వేసింది. ఆమె జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. నేను పిలుపు దగ్గర ఆగాను.

పేరు రాలేదు. తిరిగి చూస్తే మా ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. గారెలు తమ పని తాము చేశాయి.

"ఏమండీ" అన్నాను.

"చెప్పమ్మా" అన్నాడు మొదలాళి.

"మిమ్మల్ని కాదండీ."

"ఆపద్దమ్మా, బండి పోతా ఉండాది. పిలువు."

ఇన్ని నెలలు ఆ పెళ్ళాన్ని నేనే పరుగెత్తించుకొచ్చాను. ఆమెను ఆ ప్లాట్‌ఫారం మీద నోరు లేనిదానిలా నిలబెట్టి లేచిపోవడం నావల్ల కాలేదు. పిలిచాను. మొదటిసారి గొంతులోనే పోయింది. రెండోసారి వీధిలోకి వినబడేలా పిలిచాను.

మా ఆయన ఉలిక్కిపడి లేచాడు. మొదలాళి కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, "తీస్తానమ్మా, ఈ బొమ్మ తీస్తా" అంటున్నాడు. ఇన్ని నెలలుగా నేను కోరుకున్న మాట అది, నా చెవికి సరిగా ఎక్కనే లేదు. నేను తలుపు వైపు చూస్తున్నాను. ఆ కచేరీ తర్వాత పరాయి మగవాళ్ళ ముందుకు ఎన్నడూ రాని మా అత్త గడప దాటి వచ్చి నిలబడింది. కొడుకును కిందనుంచి పైదాకా చూసింది, ఇంకా ఊపిరి ఆడుతోందా అన్నట్టు. ఆయన తల్లినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"పలకవేమిరా?" అంది మా అత్త. "పెండ్లాము పిలస్తా ఉండాది గదా."