ఎండగట్టిన చెరువు

ఓడలరేవులో రొయ్యల చెరువు సాగుచేసే సత్యదుర్గారావు ఇరవైయేళ్లుగా రామమందిరంలో శనివారం భజనకు తాళాలు వాయిస్తున్నాడు. ఏడాదిగా అతని మనసు ఎండిపోయింది. నామం పలుకుతున్నా కన్ను చెమ్మగిల్లదు. ఇలా పాడటం కపటమని తలచి, తాళాలు మందిరానికి తిరిగి ఇచ్చివేయడానికి బయలుదేరాడు.

చెరువుగట్టు మీద భార్య వరహాలమ్మ ఆపింది. "రొయ్యలు పట్టేసేక చెరువెందుకు ఎండగట్టేరండీ?"

"అడుగు కుళ్ళకుండా. నేల నెర్రెలిస్తేనే కొత్త రొయ్యపిల్ల బతుకుద్ది."

"ఆయ్! నీళ్లు లేవని చెరువు అమ్మేసేరా మరి? మీరు ఎండగడితే సాగు, రాముడు ఎండగడితే శాపమాండీ?"

దుర్గారావు తాళాలతో వెనక్కి తిరిగాడు. మళ్లీ నింపదలచిన చెరువునే రైతు ఎండగడతాడు.

ఆ సాయంత్రం భజనలో తాళాలు అతనే వాయించాడు. కన్నీరు రాలేదు. ఇంటికి వచ్చి, వాటిని చింతపండుతో తోమి, వచ్చే శనివారానికి సిద్ధంగా పెట్టుకున్నాడు.