ఆ వారం ఇంటిపెద్ద

బందరు దగ్గరి మా ఊరు విడిచి సికింద్రాబాదు వచ్చేనాటికి నాకు అమ్మా నాన్నా లేరు. మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో డొమెస్టిక్ సైన్స్ టీచరు ఉద్యోగమిచ్చి, బడి వెనకాల ఒక గది చూపించారు. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు లాలాగూడకో బన్సీలాల్‌పేటకో వెళ్లిపోయేవారు. ఇక తెల్లారేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆదివారం చర్చిలో పలకరించినవాళ్లు కూడా ఎవరింటికి వాళ్లు వెళ్లేవారు.

వంట, కుట్టు, జబ్బు మనిషికి సేవ చెయ్యడం పాఠాల్లో ఉన్నవే. నేను అదనంగా ఒక పద్ధతి పెట్టాను. వారానికొక పిల్ల ఇంటిపెద్ద. ఏం వండాలో, ఎవరే పని చెయ్యాలో ఆ పిల్లే చెప్పాలి. తప్పు జరిగితే తనే సర్దుకోవాలి. నేను కిటికీ దగ్గర కూర్చుని చూడటమే.

నిజాం మీదికి సైన్యం వచ్చి పోలీసు చర్య జరిగిన రోజుల్లో బడి మూసేశారు. రేడియో ఉన్న ఇళ్లముందు గుంపులు, మిగతా వీధంతా నిశ్శబ్దం. ఆ బడిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

బడి తెరిచాక ఇంటిపెద్ద వంతు కార్ఖానా బస్తీ నుంచి వచ్చే ముస్లిం పిల్లకు వచ్చింది. నెమ్మదైన పిల్ల. తండ్రి నిజాం సర్కారు దఫ్తరులో పనిచేసేవాడు. ఆమె ఖిచిడీ వండుదామంది. ఎవరూ కదల్లేదు.

"ఆమె చేసింది మేం తినం, టీచరమ్మా," అంది ముందు వరుసలో పిల్ల. ఆ పిల్ల మేనమామను రజాకార్లు కొట్టి ఊరినుంచి తరిమేశారని మా అందరికీ తెలుసు. అంతకుముందు ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నవాళ్లే.

నేను లేవబోయాను. కార్ఖానా పిల్ల నా వైపు చూసి, వద్దన్నట్టు తలూపింది.

"తినుడు, తినకపోవుడు నీ ఇష్టం," అంది ఆ పిల్లతో. "మీ మామకు అయింది మంచిగ కాలేదు. గని ఈ వారం నేనే ఇంటిపెద్ద. నువ్వు పొయ్యి కాడికి రాకు, ఉల్లిగడ్డ కొయ్యి. తక్కినోళ్లు బియ్యం కడుగున్రి. షురూ చేద్దాం."

కాసేపటికి ముందు వరుస పిల్ల కత్తి అందుకుంది. వంటయ్యాక తనొక్కతే తినలేదు. కానీ గిన్నెలు కడిగేదాకా ఉంది.

దసరా సెలవుల ముందు కార్ఖానా పిల్ల నా గదికి వచ్చింది. తండ్రి కొలువు పోయింది. బొంబాయి వెళ్లి, అక్కడి నుంచి ఓడలో కరాచీకి పోతున్నారట.

"నీకు వెళ్లాలని ఉందా?" అన్నాను.

"నన్నెవరు అడిగిన్రు టీచరమ్మా?"

క్లాసులో అంతమందిని నిలబెట్టి పని చేయించిన పిల్లకు, తన ఇంట్లో తన మాటే అక్కర్లేకపోయింది. టీ పెట్టి ఇచ్చాను. గదిలో ఉన్న ఒకే కుర్చీలో తను, మంచం మీద నేను. ఆ గదిలో నాతో కలిసి టీ తాగిన మొదటి మనిషి ఆ పిల్లే.

"మీరు దినాం గిట్ల ఒక్కరే తింటరా?" అంది వెళ్తూ.

"అలవాటైపోయిందమ్మా," అన్నాను. అలవాటు కాలేదు.

సెలవులయ్యాక ముందు వరుస పిల్ల వంటగది గుమ్మంలో నిలబడి, "ఆమె రాలేదా?" అని అడిగింది. ఇక రాదని చెప్పాను. ఆ పిల్ల లోపలికొచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. మిగతా పిల్లలు వచ్చేదాకా ఇద్దరం చిక్కుడుకాయల ఈనెలు తీశాం.