వీరవేణి గాజులు

రాజమండ్రి యూనివర్సిటీలో పియానో, వయొలిన్, చెల్లో వాయించే ముగ్గురిలో పియానో వీరవేణిది. గోదావరి చెమ్మకు బిగుసుకునే పియానో మెట్లను రోజూ పొద్దున్నే పాత నూలుచీర ముక్కతో తుడుస్తుంది. గాజులు తీసి పక్కన పెట్టాకే వాయిస్తుంది. సభకు అతిథి రాగానే వాద్యం ఆపెయ్యాలన్నది అక్కడి ఆనవాయితీ. అందుకే మూడేళ్లలో ఒక్క సభలోనూ చివరిదాకా వాయించింది లేదు. మొన్న స్నాతకోత్సవంలోనూ రిజిస్ట్రార్ పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండమ్మా, అతిథిగారు వచ్చేశారు."

"కూర్చోమనండి. ఇంకా నాలుగు నిమిషాలుందండి," అంది వీరవేణి, చేతులాపకుండానే. మిగతా ఇద్దరూ కమానులు దించలేదు. శాలువా పట్టుకుని నిలబడ్డ వైస్ చాన్సలర్ కాసేపు చూసి, అతిథితోపాటు కూర్చున్నాడు. ఆఖరి స్వరం పూర్తిగా ఆగాక, ఆమె గాజులు ఒక్కొక్కటే తొడుక్కుంది. చివరి గాజు చేతికెక్కేదాకా మైకు ఎవరూ ముట్టుకోలేదు.