పడమరకు తిరగని పూలు

మా ఊరు పెరియంపట్టిలో ఈ ఏడాదే మొదటిసారి, రష్యా నుంచి వచ్చిన విత్తనమని చెబితే పొద్దుతిరుగుడు వేశాం. మొగ్గలు సూర్యుడి వెంట తిరిగి పడమరకు వాలగానే మా అత్తమ్మ దీపం పెట్టేవారు. ఈ రోజు పొద్దు గూకినా ఆ తలలు కదల్లేదు. చేనుకు తూర్పున ఉన్న మా ఇంటినే చూస్తూ నిలబడ్డాయి.

“ఏమ్మా, ఇవన్నీ ఎవురి కోసరం కాచుకోనుండాయి?” అన్నారు అత్తమ్మ, అగ్గిపెట్టె చేతిలోనే పట్టుకుని.

మామయ్య నవ్వారు. “పువ్వు బాగా విచ్చినాక ఇంక తిరగదంట. తూర్పునే చూస్తాదంట. విత్తనాలిచ్చినాయన అప్పుడే చెప్పినాడు.”

అత్తమ్మ దీపం వెలిగించారు. నాకూ ధైర్యం వచ్చింది. ఇంతలో మామయ్య లేచి, చేను వైపున్న, ఎన్నడూ మూయని పడమటి తలుపు మూసి గడియ పెట్టారు.

కారణం తెలిస్తే భయం పోతుందంటారు. మీరైతే ఆ తలుపు తీసే ఉంచేవారా?