బూటుకు కట్టిన పచ్చితోలు

ఈ పొద్దున మా మేనల్లుడు వీరయ్య నకరికల్లు నుంచి నరసరావుపేట కోర్టుకు సైకిలెక్కబోతుంటే బూటు లేసు పుటుక్కున తెగింది. పేరు మూడుసార్లు పిలిచేలోగా అక్కడ లేకపోతే వాడి పొలం దావా కొట్టేస్తారు. కొత్త లేసు కొందామంటే, ఈ యుద్ధం వచ్చాక మా అంగళ్లలో గుండుసూది కూడా దొరకడం లేదు. కాడికి కట్టడానికని నానబెట్టిన పచ్చితోలు తాడు కనిపిస్తే, దాన్నే బూటు రంధ్రాల్లో దూర్చి, బిగించి ముడివేశాను. తడితోలు ఎండితే ఎద్దులు లాగినా వదలదని ఊళ్లో అందరికీ చెప్పేవాణ్ణి నేనే!

వాడి వెనక క్యారేజీ మీద నేనూ కూర్చున్నాను. ఆరు మైళ్లు పోయేసరికి తోలు ఎండి బిగిసింది. వీరయ్య పెడలు తొక్కలేక రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఇద్దరం గోళ్లు విరిగేలా పీకినా ముడి రాలేదు.

"నా కాలేమన్నా కాడిమాననుకున్నావా మామా? అవతల పిలుస్తుంటారు!" అని అరిచాడు.

పక్క చేలో గడ్డి కోస్తున్న ముసలమ్మ వచ్చి చూసింది. "ఏందయ్యా, ఎద్దులకేసే కట్టు మడిసికేశావా? చానా తెలివే!" అంటూ కొడవలితో తాడు తెంపింది.

వీరయ్య ఆ బూటు నా చేతిలో పెట్టి, నన్నక్కడే వదిలేసి, ఒంటి బూటుతో తొక్కుకుంటూ పోయాడు. నేను నడిచి చేరేసరికి కోర్టు వసారాలో కనిపించాడు. మూడో పిలుపుకు అందుకున్నాడట.

పొలం దావా ఇంకా నడుస్తోంది. నా మీద తీర్పు మాత్రం ఈ రోజే వచ్చేసింది: ఇకమీదట వాడి వస్తువు దేన్నీ నేను బాగుచేయకూడదట. అప్పీలు చేసుకోమంటారా?