మొదళ్లు నేలలో వదిలేసిన పుట్టగొడుగులు

ఆవిడ పనిచేసేది లాండ్రీలో, ఇస్త్రీ బల్ల దగ్గర. వీధిలో పిన్నా పెద్దా అందరికీ అక్కే. ఆకులు రాలే కాలంలో అడవి నుంచి పుట్టగొడుగులు ఎవరు ఏరుకొచ్చినా ముందు అక్క వంటింటి బల్ల మీద పోయాలి. ఆవిడ సరేనంటేనే అవి పొయ్యెక్కేవి. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

ఓ ఆదివారం మధ్యాహ్నం సొంత తమ్ముడే బుట్టెడు తెచ్చాడు. బస్సు డ్రైవరు, మాటల పోగు. పుట్టగొడుగుల పైన లేత ఆకుపచ్చ, గొడుగు కింద తెల్లటి రేకులు. అక్క ఒకటి తిరగేసింది. కాడని ఎవరో నున్నగా కోసేశారు. రెండోదీ అంతే.

"మొదళ్లేవిరా?"

"నేలలోనే వదిలేశా. కత్తితో కోస్తే మళ్లీ మొలుస్తాయని వీడియోలో చెప్పారు."

"మొదలు లేకుండా నేనేం చూడను, నా తలకాయ? ఇలాంటివాటికి అడుగున తిత్తి ఉంటే విషం. ఆ తిత్తి ఉండేదే మట్టిలో!"

"ఫోన్‌కి ఫొటో చూపిస్తే తినొచ్చంది. అన్నీ నీకే తెలుసనుకోకక్కా."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. బుట్ట ఎత్తి చెత్తడబ్బాలో బోర్లించింది.

"పొద్దున్నుంచీ నడుం విరిగేలా ఏరానే!" అని అరిచాడు తమ్ముడు.

"అయితే పద, ఎక్కడ ఏరావో చూపించు."

బస్ డిపో వెనక అడవిలో, తడి ఆకుల మధ్య కోసిన మొదళ్లు తెల్లగా కనిపించాయి. అక్క మోకాళ్ల మీద కూర్చుని వెంట తెచ్చిన చెంచాతో చుట్టూ తవ్వి ఒకటి పైకి తీసింది. అడుగున పగిలిన గుడ్డు పెంకులా తెల్లటి తిత్తి. ఇంకోటి తీసింది. దానికీ ఉంది.

తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా... మా కింది వాటా మామ్మగారికి నీ దగ్గరికి రాకముందే కొన్ని ఇచ్చాను."

"ఫోన్ చెయ్యి!"

మామ్మగారు వెంటనే ఎత్తారు. "భలే రుచిగా ఉన్నాయి బాబూ, ఇప్పుడే భోజనం ముగించాను."

అక్క ఆ మొదలుని జేబురుమాల్లో చుట్టుకుని, మామ్మగారిని టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. "ఒంట్లో బాగానే ఉందమ్మా, ఎందుకీ హడావుడి" అంటూనే ఉన్నారావిడ దారంతా. డాక్టరు రుమాలు విప్పి చూసి, ఇంకో మాట అడక్కుండా మందు మొదలుపెట్టాడు. వాంతులు మొదలయ్యేదాకా ఆగుంటే చెయ్యి దాటిపోయేదన్నాడు. పదకొండు రోజులు మంచం మీద ఉండి, సగం మనిషై ఇంటికొచ్చారు మామ్మగారు.

"పాపం, మంచి మనసుతోనే ఇచ్చాడులే" అన్నారావిడ.

"మంచి మనసట!" అక్క పళ్లు నూరింది. "తెలియనివాడు తెలియదని ఊరుకోవాలి. తెలుసన్న పొగరుతో ఇంకొకరి కంచంలో పెడతాడా?"

తమ్ముడు గుమ్మంలో నిలబడి క్షమించమన్నాడు.

"తిన్నది నేను కాదు. వెళ్లి ఆవిణ్ణి అడుగు" అని తలుపేసేసింది.

అడిగాడట. మామ్మగారు నవ్వి టీ ఇచ్చారట. ఆ సంగతి విని అక్కకి ఇంకా మండింది. ఆకులన్నీ రాలి చలి ముదిరినా తమ్ముడితో అక్క పెదవి విప్పలేదు.