రెండోసారి విదేశం

తలుపు బార్లా తెరిచున్నా వెల్డరు గడప దగ్గర ఆగిపోతాడు, ఎవరైనా రమ్మనాలి. కంచం చుట్టూ చెయ్యి అడ్డంపెట్టుకుని గబగబా తింటాడు. "పెళ్లికి ముందు నాలుగేళ్లు విదేశంలో ఉన్నారుగా, అక్కడి అలవాట్లు," అని భార్య మురిసిపోతూ అందరికీ చెబుతుంది.

మళ్లీ వెళ్లాలని ఇద్దరూ ఏజెంటు ఆఫీసుకొచ్చారు. పాత కేసులేమీ లేవని వెల్డరు ఏజెంటుకి చెప్పి, భార్యతో ఇవతలికొచ్చాడు. అక్కడి వాచ్‌మన్ ఒకప్పటి జైలు వార్డరు. ఈల ఊది, "లెక్క చూడాలి, వరసకి రండి," అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. వెల్డరొక్కడే గోడవారగా గొంతుక్కూర్చుని, తల దించుకుని, చేతులు మోకాళ్లమీద పెట్టుకున్నాడు. తనేం చేశాడో తెలిసేసరికి మొహంలో నెత్తుటిచుక్క లేదు.

వాచ్‌మన్ వంగి మెల్లగా అడిగాడు. "ఎన్నేళ్లున్నావు లోపల?"

"నాలుగేళ్లయ్యా." నోరు దానంతటదే పలికింది.



"విదేశం అన్నారుగా," అంది భార్య.